మన ఆడవాళ్ల పోరాటాలూ తెరకెక్కాలి

సంపాదకులకు నమస్కారం.

ఉత్తరప్రదేశ్‌లో దళిత మహిళలు నడిపే వార్తాసంస్థ ‘ఖబర్ లహరియా’ మీద తీసిన ‘రైటింగ్ విత్ ఫైర్’ డాక్యుమెంటరీ 2022లో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. అది చూస్తున్నంతసేపూ నాకు మన గోదావరి డెల్టా ఆడవాళ్లే గుర్తొచ్చారు.

గొంతేరు కాలువ పాడైపోతుందని, 2016లో భీమవరం దగ్గర తుందుర్రు, చుట్టుపక్కల ఊళ్ల మహిళలు రొయ్యలు, చేపలు శుద్ధి చేసే ఆక్వా ఫుడ్ పార్కుకు ఎదురు నిలిచారు. 144 సెక్షన్, కేసులు, అరెస్టులు అన్నీ చూశారు. వాళ్ల గోడు టీవీల్లో చిన్న చిన్న బైట్లుగా వచ్చి పోయింది, అంతే.

వాళ్లను తీరిగ్గా కూర్చోబెట్టి మాట్లాడించే సినిమా కావాలి. రొయ్యల చెరువు ఉప్పునీరు పక్క వరిచేలోకి ఊరితే ఏమవుతుందో, తాగునీళ్ల టిన్నులకు కూలి డబ్బుల్లో ఎంత పోతుందో వాళ్లకంటే బాగా ఎవరు చెప్పగలరు? రొయ్యల షెడ్డుల్లో ఐసులో చేతులు పెట్టి తలలు తీసే ఆడవాళ్ల వేళ్లు దగ్గరగా చూపిస్తే చాలు, వ్యాఖ్యానం అక్కర్లేదు.

దీనికి కోట్లు అక్కర్లేదు. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు తామే కెమెరా పట్టి, తమ పంటల మీద, జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తి నష్టాల మీద చిత్రాలు తీశారు. వాళ్లలో బడి ముఖం చూడనివాళ్లూ ఉన్నారు. మన పిల్లల చేతుల్లో ఫోన్లున్నాయి. భీమవరం, నరసాపురం, అమలాపురం కాలేజీలు దీన్ని ప్రాజెక్టుగా ఇవ్వాలి. ఇష్టంలేని వాళ్ల ముఖాలు మాత్రం చూపించొద్దు, ఊళ్లో బతకాల్సింది వాళ్లే. తీసినవి ముందుగా ఆ ఊళ్లలోనే, పంచాయతీ ఆఫీసు ముందు తెర కట్టి వెయ్యాలి.

– ఒక పాఠకురాలు, నరసాపురం