జాలీలో పోసింది వాగులోకే

సంపాదకులకు,

వాగుల్లో ప్లాస్టిక్ ఏరే కార్యక్రమాల వార్తలు తరచూ వస్తున్నాయి. మంచి పనే. అయితే వాగుకు ఎక్కువ కీడు చేసేవి చేతికి చిక్కవు. అవి రోడ్డు పక్క ఇనప జాలీలోంచి, వాన నీటిలో కలిసి దిగుతాయి. మురుగు కాలువకైతే చివర శుద్ధి కేంద్రం ఉండాలి. వాన నీటి కాలువ చాలాచోట్ల నేరుగా వాగులో పడుతుంది, మధ్యలో ఏ వడపోతా ఉండదు. ఈ తేడా తెలియకే రంగు బ్రష్షులు కడిగిన నీళ్లు, పాత ఇంజినాయిలు తెచ్చి జాలీలో కుమ్మరిస్తున్నారు.

చదరపు మీటరు మీద మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. 100 చదరపు మీటర్ల సిమెంటు నేల మీద 25 మిల్లీమీటర్లు కురిస్తే 2,500 లీటర్లు. మెత్తని మట్టిలో చాలావరకు ఇంకేది, ఇక్కడ దాదాపు అంతా పారుతుంది. పొడి రోజుల్లో పేరుకున్న టైర్ల పొడి, అందులోని జింకు, బ్రేకుల నుంచి రాలిన రాగి, కుక్కల మలం తొలి జల్లుకే కొట్టుకుపోతాయి. కాబట్టి రోడ్డు ఊడవాల్సింది వానకు ముందు. ఊడ్చింది జాలీలోకే తోస్తే మాత్రం ఆ శ్రమంతా వృథా.

బండి కింద నూనె మరక కనబడగానే సబ్బు నీళ్లతో కడిగేస్తారు. సబ్బు నూనెను సన్నని బిందువులుగా విడగొడుతుంది. నేల శుభ్రంగా కనిపిస్తుంది, నూనె మాత్రం మరింత సులువుగా నీటిలో కలిసిపోతుంది. పైగా ఆ సబ్బు చేపల మొప్పలను దెబ్బతీస్తుంది. మరక మీద రంపపు పొట్టో పొడి మట్టో చల్లి, కాలితో బాగా అదిమి, పీల్చుకున్నాక ఊడ్చి సంచిలో కట్టాలి. ఒకసారికి పోకపోతే మళ్లీ చల్లాలి. 'ప్రకృతిలో కలిసిపోయే సబ్బు' అని డబ్బా మీద రాసి ఉన్నా నమ్మకండి. అది కుళ్లడానికి కూడా నీటిలోని ఆక్సిజనే ఖర్చవుతుంది.

ఇళ్లు కట్టేచోట మట్టి ఆపడానికి గుడ్డ కంచె కడతారు. చాలాచోట్ల అది ఊరికే వేలాడుతుంటుంది, నీళ్లు కిందనుంచి జారిపోతాయి. గుడ్డ అడుగు అంచును కనీసం 15 సెంటీమీటర్ల లోతు గాడిలో పెట్టి, మట్టి కప్పి దిమ్మిస వేయాలి. కంచెను వాలుకు అడ్డంగా కట్టి, రెండు కొసలనూ ఎగువకు వంచాలి. లేకుంటే నీళ్లు పక్కనుంచి చుట్టుకుపోతాయి. కంచె దగ్గర పేరుకున్న మట్టిని, అది కంచె ఎత్తులో సగానికి రాకముందే తీసేయాలి. కంచె దాటిన ఒండ్రే వాగు అడుగున గులకరాళ్ల సందుల్లో నిండి చేప గుడ్లకు ఊపిరాడకుండా చేస్తుంది. కాంక్రీటు మిక్సర్ కడిగిన నీళ్లు ఇంకా ప్రమాదం. సున్నపు నీళ్లంత క్షారం, పీహెచ్ 12 దాకా ఉంటుంది. వాటిని ప్లాస్టిక్ పట్టా పరిచిన గుంటలోకే వదిలి, ఆరి గట్టిపడ్డాక పెళ్లగించి తీసేయాలి.

పురపాలక అధికారులను రెండు పనులు అడుగుతున్నాం. కొన్ని జాలీల కింద మడ్డి దిగే గుంట ఉంటుంది. అది సగం నిండిందంటే పెద్ద వానకు పాత మడ్డి కూడా లేచి వాగుకు పోతుంది. కర్ర దించి చూస్తే చాలు, ఎంత నిండిందో తెలిసిపోతుంది. సగానికి రాకముందే తోడించండి. ఇక రెండోది, మూడు రోజులు వాన లేకపోయినా వాగు గట్టున ఏ గొట్టంలోంచి నీళ్లు వస్తున్నాయో నడిచి చూడండి. అది ఊట నీరో, పగిలిన మంచినీటి పైపుదో కావచ్చు. వాసన, నురగ ఉంటే ఎవరిదో మురుగు పైపు వాన నీటి కాలువకు కలిపి ఉండొచ్చు. అనుమానం ఉన్న ఇళ్ల మరుగుదొడ్లలో హానిలేని రంగు పోసి, గొట్టం దగ్గర మనిషిని నిలబెడితే అది ఎవరిదో తేలిపోతుంది.

భవదీయులు,
కొందరు పాఠకులు