బాతుల గుంపును ఒకసారి జాగ్రత్తగా చూడండి

అందరికీ నమస్కారం. చెరువులకు వెళ్లేవాళ్లు బాతుల్ని గబగబా లెక్కపెట్టి వచ్చేయకండి. 2021 ఫిబ్రవరిలో అస్సాంలోని తిన్‌సుకియా జిల్లా మాగురీ బీల్ అనే చిత్తడి సరస్సులో మాండరిన్ బాతు కనిపించింది. చైనా, జపాన్, కొరియాల వైపు ఉండే పక్షి అది! ఆ ప్రాంతంలో అంతకుముందు నమోదైంది 1902లో. పైగా 2020 మేలో పక్కనే బాగ్‌జాన్ గ్యాస్ బావి పేలి, ఆ నీళ్లలో చేపలు చచ్చిపోయాయి. అలాంటి చోట అది వాలిందంటే నాకిప్పటికీ మనసు నిండిపోతుంది.

మనకు కొత్త పక్షి కనిపిస్తే ముందు కాలికి రింగు ఉందేమో చూడండి. కొన్నింటిని రింగు వేసి పెంచుకుంటారు కాబట్టి తప్పించుకొచ్చింది కూడా కావచ్చు. ఫోటో మసకగా ఉన్నా పర్వాలేదు, తేదీ, టైమ్, చోటు రాసి ఇక్కడ పెట్టండి. మరీ దగ్గరికి మాత్రం వెళ్లొద్దు. అంత దూరం ఎగిరొచ్చింది, పాపం, అలసిపోయి ఉంటుంది.