శీనుకి, డిక్కీ డోరు గురించి

చెన్నై
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

జవాబు ఇంత ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకు. ఆఫీసులో ఆడిట్, చిన్నదానికి పరీక్షలు. అందరం బాగున్నాం. మిగతా కబుర్లు తర్వాత. ముందు కారు డిక్కీ సంగతి నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

వెనక నుంచి వ్యాను గుద్దిందని ఫోన్లో చెప్పాను కదా. బంపర్ మార్చి, రంగేసి ఇచ్చారు. చూడ్డానికి కొత్త కారే. కానీ అప్పటి నుంచి డిక్కీ డోరు సరిగా పడదు. ఒక్కసారి టక్‌మంటుంది, లోపల డోర్ లైట్ మాత్రం ఆరదు. వర్క్‌షాపులో అడిగితే 'గట్టిగా వేయండి సార్' అన్నారు. మళ్లీ వెళ్తే లాక్ మొత్తం మార్చాలన్నారు.

ఈలోగా నెల్లూరులో పెద్దత్త వాళ్ల గృహప్రవేశం. దాదాపు 175 కిలోమీటర్లు. రెడ్ హిల్స్ దాటేసరికే లోపల పొగ వాసన. గుమ్మిడిపూండి వచ్చేసరికి వెనక సీట్లో అమ్మకి ఒకటే దగ్గు. 'లారీల పొగలే నాయనా' అంటుంది. కాదురా, మన కారు పొగే! కారు పోతుంటే దాని వెనక గాలి ఒత్తిడి తగ్గిపోతుంది. సైలెన్సర్ పొగ అక్కడే సుడి తిరిగి, సందు దొరికితే లోపలికి వచ్చేస్తుంది. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన కూడా ఉండదు. అద్దాలు దించి, ఫ్యాన్ బయటి గాలికి పెట్టి పోయాం కానీ, నెల్లూరు చేరేదాకా నా ప్రాణం నా దగ్గర లేదు. అమ్మ ఇప్పుడు బాగుంది, కంగారు పడకు.

తిరిగొచ్చాక పుదుపేట వెళ్లాను, పాత లాక్ దొరుకుతుందేమోనని. అక్కడ ఒక పెద్దాయన, ఆరంబాక్కం వైపు మనిషట. తెలుగు వినగానే స్టూలు వేసి కూర్చోబెట్టాడు. అమ్ముకోవలసిన మనిషి అమ్మకుండా ఏమన్నాడో తెలుసా? 'లాక్ చెడిందో లేదో ముందు సూసినారా?' అచ్చం మనం అనుకునే 'ముందు ఉప్పు చూడు' మాటే కదరా, పెద్ద పని పెట్టుకునేముందు చిన్నది చూసుకోమని! నాకు నవ్వాగలేదు. ఆయనకి ఎందుకో అర్థం కాక నా మొహం చూస్తున్నాడు.

డోరు పైకెత్తి ఉంచి, లాక్‌లో ఎండ్రకాయ కొండిలా ఉండే ముక్కని స్క్రూడ్రైవర్‌తో నొక్కాడు. టక్, టక్. సగం పడే మొదటి మెట్టు, పూర్తిగా పడే రెండో మెట్టు, రెండూ పడ్డాయి. అంటే లాక్ నిక్షేపంగా ఉందన్నమాట! తర్వాత హ్యాండిల్ లాగి దాన్ని మళ్లీ తెరిచాడు. అలా తెరవకుండా డోరు వేస్తే కింద గడప మీద ఉండే వంపు కడ్డీకి, అదే స్ట్రైకర్‌కి, కొట్టుకుంటుంది, అది మాత్రం మర్చిపోకు.

మిగతాదంతా ఇవాళ పొద్దున ఇంటి దగ్గర నేనే చేశాను, ఆయన చెప్పిన వరసలోనే.  స్ట్రైకర్ మీద అమ్మ విభూతి తడిపి పూసి, డోరు వేసి తీశాను. ఒక్క పక్కే చెరిగింది! గుద్దినప్పుడు పక్కకి జరిగింది, బిగించినవాళ్లు చూసుకోలేదు. పైగా డోరు ఆనే రబ్బరు బుడిపెల్ని బాగా బయటికి తిప్పేశారు. ఇంక రెండో మెట్టు దాకా కొండి ఎలా దిగుతుంది, చెప్పు?

ముందు ఆ బుడిపెల్ని పూర్తిగా లోపలికి తిప్పాను. స్ట్రైకర్ పాత చోటు తెలిసేలా చుట్టూ పెన్సిల్‌తో గీసి, బోల్టులు తడితే జరిగేంత మాత్రమే వదులు చేశాను. డోరు మెల్లగా దించితే కొండే దాన్ని తన దారికి జరుపుకుంది. 2, 3 మిల్లీమీటర్లు, అంతే! ఆ కాస్తకి లాక్ మార్చమన్నారు చూడు, ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. బోల్టులు బిగించాక, బుడిపెల్ని డోరుకి తగిలీ తగలనంతగా బయటికి తిప్పాను.

ఆఖర్న మా గోడ క్యాలెండర్ కాగితాలు చించి, రబ్బరు బీడింగ్ చుట్టూ చోటు చోటునా పెట్టి, డోరు వేసి లాగి చూశాను. వదులుగా జారి వచ్చిందంటే అక్కడ సందు ఉన్నట్టే. అన్నీ బిగువుగానే వచ్చాయి. ఇప్పుడు రెండు వేళ్లతో తోస్తే చాలు, పడిపోతోంది. లైటు ఆరిపోయింది! అమ్మ కూడా దిగొచ్చి తనే వేసి చూసింది.

నీ కారు డిక్కీ గతుకుల్లో లడలడమంటోందన్నావు కదా, నువ్వు స్ట్రైకర్ జోలికి పోకముందు ఆ బుడిపెలు చూడు. రెండు వైపులా కొంచెం కొంచెం తిప్పి... అరె, మామయ్య రైలు బేసిన్ బ్రిడ్జి దాటిందట, సెంట్రల్‌కి పరిగెత్తాలి. ఉంటానురా.

నీ
రాజా