డ్రిల్లుతో మంచు తొలిచే ముందు

సంపాదకుల వారికి నమస్కారం.

గత ఆదివారం మీ ప్రవాసుల పేజీలో అమెరికాలో గడ్డకట్టిన సరస్సుల మీద చేపలు పట్టడం గురించి రాశారు. ఇంట్లో వాడే బ్యాటరీ డ్రిల్లుకే ఆగర్ బిగించి పది సెకన్లలో మంచుకు బొక్క వేస్తారని, ఇది పిల్లలు కూడా చేయగలిగిన పని అని అందులో ఉంది. ఆ రెండో మాట చదివాక రాయకుండా ఉండలేకపోయాను. తెనాలిలో 32 ఏళ్లు వెల్డింగ్ షాపు నడిపినవాణ్ణి. డ్రిల్లింగ్ మిషను పట్టుకోని రోజు లేదు. కిందటి ఏడాది జనవరిలో మా పెద్దబ్బాయి దగ్గరికి మినెసోటా వెళ్లినప్పుడు మినెటోంకా సరస్సు మీద నిలబడి ఈ పని నా చేతులతో చేసి వచ్చాను.

ముందుగా చెప్పాల్సింది, డ్రిల్లుతో పని బాగానే అవుతుంది. ఆగర్ అంటే మన వైపు మామిడి మొక్కలకు గుంతలు తీసే మిషనుకు ఉండే మెలికల బిట్టు లాంటిదే. అడుగున రెండు పదునైన బ్లేడ్లు ఉంటాయి. పెట్రోలు ఇంజనుతో నడిచేవి బరువు, పొగ, పైగా చలికి ఒక్కోసారి స్టార్ట్ కావు. చేత్తో తిప్పేవాటితో అడుగు మందం మంచు తెగేసరికి భుజాలు పడిపోతాయి. 18 వోల్టుల మంచి డ్రిల్లు ఉంటే ఈ బాధలేవీ లేవు. కాకపోతే అది బ్రష్‌లెస్ మోటారుది (లోపల కార్బన్ బ్రష్‌లు ఉండనిది), అరంగుళం చక్ (బిట్టును బిగించి పట్టే మూతి) ఉన్నది కావాలి. గేరు 1లో పెట్టాలి. 2లో పెడితే వేగం ఉంటుంది గానీ బలం ఉండదు, మోటారు వేడెక్కిపోతుంది. గోడకు బొక్కలు వేసే హ్యామర్ మోడ్ ఇక్కడ అసలు పనికిరాదు.

ఆ రోజు మా అబ్బాయి స్నేహితుడొకడు 8 అంగుళాల ఆగర్ తెచ్చాడు. డ్రిల్లుకు పక్కన బిగించే పిడిని మాత్రం ఇంట్లో డబ్బాలోనే వదిలేసి వచ్చాడు. "అంకుల్, ఒక చేత్తో అయిపోతుంది" అన్నాడు. వద్దన్నాను, వినలేదు. మొదట సాఫీగానే దిగింది. కొబ్బరి కోరులా తెల్లటి పొడి బొక్క చుట్టూ కుప్పగా పేరుకుంది. ఇక అడుగు తెగుతుందనగా వాడు తొందరపడి కిందికి నొక్కాడు. బ్లేడు అంచును పట్టేసింది. ఆగర్ ఆగిపోయింది, మోటారు ఆగలేదు. బిట్టు తిరగకపోతే మిషనే తిరుగుతుంది, దాంతోపాటు చెయ్యీ తిరుగుతుంది. షాపులో ఇనుప ప్లేటుకు బొక్క వేసేటప్పుడు బిట్టు జామ్ అయి చెయ్యి మెలిపడ్డ కుర్రాళ్లను ఎంతమందిని చూశానో. వాడు "అమ్మా" అని మంచు మీదే కూర్చుండిపోయాడు. సాయంత్రానికి మణికట్టు బన్నులా ఉబ్బింది. మూడు వారాలు కట్టుతో తిరిగాడు.

అందుకే పక్క పిడి లేకుండా ఈ పని ఎవరూ చేయకూడదంటాను. ఆ పిడిని పొడవాటిది తీసుకుని, రెండు చేతులతో పట్టుకుని, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడాలి. అడుగు తెగే ముందు నొక్కడం మానేసి ఆగర్ బరువుకే వదిలేయాలి. కొత్తవాళ్లకు 6 అంగుళాల ఆగర్ చాలు. 8 అంగుళాల బొక్కకు దానికన్నా దాదాపు 1.8 రెట్లు ఎక్కువ మంచు తెగాలి, ఆ భారమంతా మణికట్టు మీదే. పదేళ్ల పిల్లాడి చేతికి ఇది ఇవ్వొచ్చని రాయడం తప్పు సార్.

ఇంకో సంగతి. బొక్కలోని మంచు గుజ్జు తీయడానికి చాలామంది డ్రిల్లును వెనక్కి తిప్పుతారు. అలా తిప్పితే చక్ వదులవుతుంది. ఆగర్ జారిందంటే నేరుగా సరస్సు అడుక్కే. అంగడిలో దీనికి ప్లాస్టిక్ బిళ్లలు దొరుకుతాయట. నేను గ్యారేజీలో పడి ఉన్న ప్లైవుడ్ ముక్కను 12 అంగుళాల గుండ్రంగా కోసి, నడిమధ్య బొక్క వేసి, ఆగర్ కడ్డీ పైభాగానికి రెండు క్లాంపులతో బిగించాను. బొక్క కంటే బిళ్ల పెద్దది కాబట్టి, ఊడినా మంచు మీద ఆగిపోతుంది. రెండో రోజే ఊడింది, ఆగింది. బ్యాటరీ సంగతి మా అబ్బాయికి ముందే తెలుసు. చలికి లిథియం బ్యాటరీలో సత్తువ తగ్గిపోతుంది కాబట్టి రెండోదాన్ని కోటు లోపలి జేబులో ఒంటికి ఆనించి ఉంచాడు. ఇంటికొచ్చాక వెంటనే చార్జింగ్ పెట్టనివ్వలేదు. గడ్డకట్టే చలిలో ఉన్న బ్యాటరీకి చార్జింగ్ పెడితే లోపల పాడవుతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, నేను అసలు చెప్పదలచింది ఒక ఎత్తు. మీ కథనంలో మంచు మందం గురించి ఒక్క వాక్యం కూడా లేదు. 2022 డిసెంబరు 26న అరిజోనాలోని వుడ్స్ కాన్యన్ లేక్ మీద మంచు విరిగి ముగ్గురు మనవాళ్లు చనిపోయారు. మా గుంటూరు జిల్లా దంపతులూ అందులో ఉన్నారు. ఆ వార్త మీ పత్రికలోనే చదివి ఆ పూట అన్నం తినలేకపోయాను.

మినెసోటా సహజ వనరుల శాఖ చెప్పేది ఏమిటంటే, మనిషి నడవాలంటే కొత్తగా కట్టిన గట్టి, తేటైన మంచు కనీసం 4 అంగుళాలు ఉండాలి. అంతకు తక్కువైతే అడుగు పెట్టొద్దు. తెల్లగా, పాలలా కనిపించే మంచు బలం తేటమంచులో సగమే. ఒకే సరస్సులో మందం చోటుకో రకంగా ఉంటుంది కాబట్టి ఒక దగ్గర కొలిచి సరిపెట్టుకోవద్దు. డ్రిల్లు వల్ల అసలైన లాభం నాకు ఇక్కడే కనిపించింది. చేత్తో తిప్పే రోజుల్లో పదిచోట్ల బొక్కలు వేయాలంటే ఎవరికైనా విసుగే. ఇప్పుడు ఒక్కో బొక్క నిమిషం పని. మేము ఒడ్డు నుంచి ఇరవై అడుగులకొకటి వేస్తూ వెళ్లాం. టేపు చివరి కొక్కేన్ని నీళ్లలోకి దించి, మంచు అడుగు అంచుకు తగిలించి, పైకి లాగి పట్టుకుంటే అంకె తెలుస్తుంది. ఒడ్డు దగ్గర 9 వచ్చింది, ఇంకాస్త ముందుకు 11. అబ్బాయిలు ధైర్యంగా రెండు పాయల మధ్య వంతెన వైపు నడవబోయారు. ఆ దారిలో బొక్క వేస్తే 5 వచ్చింది. అందులో పైన 3 అంగుళాలు తెల్లమంచు. దాన్ని సగంగా లెక్కేస్తే ఒకటిన్నర, కింద తేటమంచు 2, మొత్తం కలిపి మూడున్నరే. వెనక్కి తిరిగాం. వంతెన కింద నీటి పారుదల ఉంటుంది, అక్కడ మంచు గట్టిపడదు. పైన మంచు కురిసి అంతా ఒకేలా తెల్లగా ఉంది, చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఆ తర్వాత మా అబ్బాయి చేత లైఫ్ జాకెట్, మెడలో వేసుకునే రెండు మేకుల పిడులు కొనిపించాను. నీళ్లలో పడితే ఆ మేకులను మంచులో గుచ్చుకుని, వచ్చిన వైపుకే పాక్కుంటూ పైకి రావాలి. జారుడు మంచు మీద ఉత్త చేతులకు పట్టు దొరకదు.

చలికాలంలో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు మన జిల్లాల నుంచి చాలామందే ఉన్నారు. ఫొటో కోసమని సరస్సు మీద నడిచి వస్తారు. దయచేసి ఈ పేజీలో మళ్లీ మంచు గురించి రాసినప్పుడు 4 అంగుళాల లెక్కను పెద్ద అక్షరాల్లో వేయండి. ప్లైవుడ్ బిళ్ల ఎలా చేసుకోవాలో కావాలంటే కొలతలతో బొమ్మ గీసి మీకు పంపిస్తాను, వేయండి.

– ఒక పాఠకుడు, తెనాలి