అమ్మా, ఆ రాత్రి సంగతి

బర్మింగ్‌హామ్,
సెప్టెంబర్ 7

అమ్మా,

ఫోన్‌లో చెబుదామంటే నువ్వు ఏడుస్తావు, నువ్వు ఏడిస్తే నాకు మాట రాదు. అందుకే రాస్తున్నాను. ఫోటో తీసి తమ్ముడి ఫోన్‌కి పంపుతాను. వాడు చదివి వినిపిస్తానన్నా వద్దను. కళ్లజోడు పెట్టుకుని నువ్వే చదువుకో.

నేను బాగున్నాను. లోపల బిడ్డ కూడా బాగుంది. ఆసుపత్రిలో ఉన్నది ఆ ఒక్క రాత్రే, మర్నాడు మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేశాం. అత్తయ్యకి ముందు చెప్పి నీకు దాచానని మాత్రం అనుకోకు. ఆయన కంగారులో వాళ్లమ్మకి ఫోన్ చేసేశారు. నాన్న మోకాళ్లు, పొలం పనులు, పైగా మరదలికి ఆరో నెల. ఇన్ని టెన్షన్లలో నీకు నా సంగతి కూడా ఎందుకని ఆగాను. ఆగకుండా ఉండాల్సింది.

బుధవారం సాయంత్రం నుంచే పొట్ట బిగుసుకోవడం, వదలడం. ఏడో నెల నుంచి అప్పుడప్పుడూ ఉన్నదే కదా, దొంగ నొప్పులే అన్నావు. రెండు గ్లాసుల నీళ్లు తాగి ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే పోయేవి. ఆ రోజు పోలేదు. పొత్తికడుపు నుంచి నడుము దాకా లాగేస్తూ, పది నిమిషాలకోసారి వచ్చాయి. హాల్లో కూర్చుని గడియారం చూస్తూ లెక్కపెట్టాను. అప్పటికి 34 వారాలు నిండి రెండు రోజులు. 37 వారాలు నిండకుండా కాన్పు వస్తే నెలలు నిండనట్టే.

ఆయన్ని ఏమీ అనకు. తెల్లవారుజామున డ్యూటీ అని నేనే లేపలేదు. నిజానికి ఆ రాత్రి నువ్వే గుర్తొచ్చావు. తమ్ముడు కడుపులో ఉన్నప్పుడు, ఉభాల రోజుల్లో, వరినాట్లు పడుతుండగా, పొద్దుట్నుంచీ నొప్పి ఓర్చుకుని, కూలీలకి అన్నాలు పెట్టి, దీపాలు పెట్టాక గానీ నోరు విప్పలేదట నువ్వు. ఘోషాసుపత్రికి జీపు మాట్లాడేసరికి రాత్రయిపోయిందని మామ్మ ఎంత గొప్పగా చెప్పేదో! అది వింటూ పెరిగాను కదా. అమ్మ ఓర్చుకుంది, నేను ఈ మాత్రం ఓర్చుకోలేనా అని కూర్చున్నాను. నీ మీద నిష్ఠూరం కాదమ్మా. నిన్ను ఆ రోజు ఎవరూ అడగలేదే అని ఇప్పుడు బాధేస్తోంది.

రెండు గంటలైంది. అక్కడ ఆరున్నర, నువ్వు వాకిట్లో కళ్లాపి చల్లుతుంటావు. నీకు చేయబోయి ఆసుపత్రికి చేశాను. ఇక్కడ మిడ్‌వైఫ్‌లని ఉంటారు, కాన్పులు చేయడమే చదువుకున్నవాళ్లు, రాత్రయినా ఫోన్ ఎత్తుతారు. ఆవిడ ఎంత నెమ్మదిగా అడిగిందో. నొప్పి వచ్చి పోతోందా, ఆగకుండా ఉందా? మధ్యలో పొట్ట మెత్తబడుతోందా, రాయిలా అలాగే ఉంటోందా? రక్తం గానీ నీళ్లు గానీ పోయాయా? బిడ్డ ఎప్పటిలా కదులుతోందా? తలనొప్పి, కళ్లు మసకలు, కుడి పక్కటెముకల కింద నొప్పి ఉన్నాయా? మూత్రం పోసేటప్పుడు మంట ఉందా? ఆ చివరిదానికి ఉందన్నాను. రెండు రోజులుగా ఉంది, వేడి చేసిందనుకున్నాను. వెంటనే వచ్చేయమంది.

అక్కడ పొట్టకి రెండు బెల్టులు కట్టారు. ఒకటి బిగింపులు చూడడానికి, ఇంకోటి బిడ్డ గుండె వినడానికి. ఆ చప్పుడు ఎలా ఉందో తెలుసా? మామ్మ చేటలో నూకలు చెరిగితే వస్తుందే, అలాగే, కానీ దానికి రెండింతలు జోరుగా. నిమిషానికి 140 దగ్గర ఉంది, బాగుందన్నారు. అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు అప్పుడొచ్చింది. నువ్వు పంపిన భీమాళి తాండ్ర నా హ్యాండ్‌బ్యాగులో ఉంటే ఆయన చిన్న ముక్క తుంచి నోట్లో పెట్టారు. పులుపు తగిలేసరికి మన వంటింట్లో ఉన్నట్టే అనిపించింది.

బీపీ బాగానే ఉంది. లోపల పరీక్ష చేసి గర్భసంచి మూతి తెరుచుకోలేదన్నారు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందట. కడుపుతో ఉన్నప్పుడు మూత్రం నిలిచి ఇది తేలిగ్గా వస్తుందట, చూడకుండా వదిలేస్తే కిడ్నీకి ఎక్కి, నెలలు నిండకుండానే నొప్పులు తెప్పించవచ్చట. బిడ్డకి ఇబ్బంది లేని యాంటీబయాటిక్ ఇచ్చారు. తెల్లారేసరికి బిగింపులు తగ్గాయి. మందు కోర్సు పూర్తిగా వాడతాను, ఒట్టు.

ఇంకోటి. నాన్న బ్రూఫెన్ బిళ్లలు కొన్ని నా పెట్టెలోకి వచ్చేశాయి. ఆ రాత్రి ఒకటి వేసుకుందామనుకున్నాను. వేసుకోలేదని చెప్తే మంచిపని చేశావంది ఆవిడ. చివరి నెలల్లో అది బిడ్డ గుండె దగ్గరి రక్తనాళానికి మంచిది కాదట, ఉమ్మనీరు కూడా తగ్గుతుందట. మరదలికి నొప్పి అని మందుల షాపులో ఏ బిళ్ల అడిగీ తేవద్దని తమ్ముడికి గట్టిగా చెప్పు.

ఎల్లుండి 9వ తేదీ కదా, పీహెచ్‌సీలో గర్భిణులని డాక్టరు చూసే రోజు. మరదలిని తీసుకెళ్లు, మూత్ర పరీక్ష కూడా అడుగు. మొహమాటస్తురాలు, నొప్పని తనంతట తను చెప్పదు. నువ్వే రోజూ అడుగు. రక్తం కనబడినా, బిడ్డ కదలిక తగ్గినా తెల్లారనీ అని చూడొద్దు, 108కి చేసేయండి. అత్తగారు ఏమనుకుంటుందోనని అది ఆగకూడదు. నువ్వు అలాంటిదానివి కావని నాకు తెలుసు, దానికీ తెలియాలి.

ఆఫీసు సంగతి ఏముంది, ఇరవయ్యో తేదీ నుంచి సెలవు. పాపా బాబా అని ఇక్కడ అడిగితే చెబుతారు, మేం అడగలేదు. డాక్టర్లు ఇచ్చిన కాన్పు తేదీ ఈసారి పైడితల్లి సిరిమాను పండగ అయిన వారానికి పడింది. పైడితల్లికి నువ్వు మొక్కుకున్నది ఏమిటో నాకు చెప్పనే లేదు.

మామ్మ పాత నేత చీర ఒకటి ఉతికి పంపు. ఇక్కడ కొన్న గుడ్డలేవీ అంత మెత్తగా లేవు. రేపు నీ ఆరున్నరకి ఫోన్ చేస్తాను, నేను మెలకువగానే ఉంటాను, రాత్రుళ్లు ఎలాగూ నిద్ర పట్టడం లేదు. కళ్లాపి చల్లడం అయ్యాక ఎత్తు.

నీ
పెద్దమ్మాయి