ఫోన్ దగ్గర కూర్చున్న కుర్రాడు

ఒరేయ్ శీనూ,

మీవాడు మంత్రాలూ రాక్షసులూ ఉంటే తప్ప పుస్తకం ముట్టడం లేదు, ఏదైనా మంచి నవల చెప్పరా అన్నావు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకే తీరిగ్గా రాస్తున్నా.

'ఎమిల్ అండ్ ద డిటెక్టివ్స్' చదివించు. ఎరిక్ కెస్ట్నర్ అనే జర్మన్ రచయిత 1929లో రాశాడు. ఎమిల్‌కి తండ్రి లేడు. తల్లి ఇంట్లోనే ఊళ్లో ఆడవాళ్లకి తలంట్లు పోస్తూ వారానికి 35 మార్కులు (అప్పటి జర్మనీ డబ్బు) సంపాదిస్తుంది. కూడబెట్టిన 140 మార్కులు ఇచ్చి, కొడుకుని బెర్లిన్‌లో ఉన్న అమ్మమ్మ ఇంటికి ఒంటరిగా రైలెక్కిస్తుంది. అందులో 120 అమ్మమ్మకి, 20 వాడి ఖర్చులకి. అంటే ఆవిడ నాలుగు వారాల కష్టం రా! ఆ లెక్క ముందే చెప్పేశాడు కాబట్టి, వాడు రైల్లో నిద్రపోయి లేచేసరికి జేబు ఖాళీ అయిందంటే మన గుండె గుభేలుమంటుంది.

మరి పోలీసులకి చెప్పొచ్చుగా అంటావు. చెప్పలేడు. సొంత ఊళ్లో ఒక దొరవారి విగ్రహానికి ఎర్ర ముక్కూ నల్ల మీసమూ గీశాడు, తననే జైల్లో వేస్తారని భయం. ఆ వయసు బుర్ర సరిగ్గా అలాగే ఆలోచిస్తుంది.

ఇక అక్కణ్ణుంచీ చూడు. దొంగని వెంటాడుతూ తెలియని స్టేషన్లో దిగిపోతాడు. అక్కడ గుస్తావ్ అనే కుర్రాడు కలుస్తాడు, చేతిలో ఎప్పుడూ ఒక హారను. వాడు సందుల్లోకెళ్లి హారను మోగించి దండుని పోగేస్తాడు. ఆ పిల్లలు చేసే మొదటి పని పరుగెత్తడం కాదు, కూర్చుని మాట్లాడుకోవడం. ఎవరి దగ్గర ఎంత ఉందో తీసి ఒకచోట వేస్తారు. అమ్మమ్మ కంగారుపడకుండా చీటీ పంపుతారు. 'ప్రొఫెసర్' అని పిలుచుకునే పిల్లాడు ఎవరు ఎక్కడ కాపలా కాయాలో చెబుతాడు.

నాకు ప్రాణమైన వాడు మాత్రం చిన్న దీన్‌స్టాగ్. వాళ్లింట్లో ఫోనుంది కాబట్టి ఇంట్లోనే కూర్చుని, ఎవరు ఫోన్ చేసినా కబురు అందించాలి. వాడికీ అందరితో వెళ్లాలనే ఉంటుంది. దొంగ పట్టుబడే తమాషా అంతా బయట జరుగుతుంటే వాడు ఫోన్ పక్కనుంచి కదలడు. చివర్లో అమ్మమ్మ అందరి ముందూ ప్రత్యేకంగా మెచ్చుకునేది ఆ పిల్లాణ్ణే. పిల్లల పుస్తకాల్లో ముందుండి నడిపేవాడికి చప్పట్లు మామూలే. వెనక ఉండి పని కానిచ్చినవాడిని ఇంత గౌరవించిన రచయితలు తక్కువ. మీవాడికి ఆ పేజీలు నువ్వే పైకి చదివి వినిపించు, నా మాట విను.

దొంగని పట్టుకున్నాక ఆ నోట్లు తనవేనని ఎలా రుజువు చేస్తాడో చెప్పేస్తున్నా, మీవాడికి మాత్రం చెప్పకు. రైల్లో భద్రం కోసం వాడు ఆ నోట్లని కోటు లోపలి గుడ్డకి గుండుసూదితో గుచ్చి పెట్టుకున్నాడు. నోట్ల మీద ఆ చిల్లులే సాక్ష్యం! తల్లి ఇచ్చిన డబ్బు మీద బెంగతో వాడు చేసిన పనే చివరికి ఆ డబ్బుని వెనక్కి తెచ్చింది.

ఆ తర్వాత వచ్చే 1000 మార్కుల బహుమతి, పేపర్లో పేరు, అదంతా నాకు కాస్త ఎక్కువే అనిపించింది. కానీ ఆ డబ్బుతో అమ్మకి జుట్టు ఆరబెట్టే కరెంటు మిషనూ వెచ్చటి కోటూ కొనాలనుకుంటాడు చూడు, అక్కడ నోరెత్తలేకపోయాను.

1933 మే 10న నాజీలు బెర్లిన్‌లో పుస్తకాలు తగలబెట్టినప్పుడు కెస్ట్నర్ పుస్తకాలూ మంటల్లో వేశారు. ఆయన ఆ గుంపులోనే నిలబడి చూశాడు. పిల్లలకి బాగా ఇష్టమైనదని ఎమిల్ని మాత్రం అప్పటికి వదిలేశారు.

ఇది నచ్చితే తర్వాత కోనిగ్స్‌బర్గ్ అనే అమెరికన్ రచయిత్రి 1967లో రాసిన నవల పంపుతా. అందులో క్లాడియా అనే పిల్ల ఇంట్లోంచి పారిపోవాలని నిర్ణయించుకుని, చిల్లర దాచుకున్న తమ్ముణ్ణి ఏరికోరి వెంటబెట్టుకుని న్యూయార్క్ మ్యూజియంలో కాపురం పెడుతుంది. అదీ అమోఘమే, కానీ ముందు ఎమిల్.

ఇంగ్లీషు అనువాదం రేపు పోస్ట్ చేస్తున్నా. మొదటి రెండు అధ్యాయాలు నింపాదిగా నడుస్తాయి, రైలెక్కేదాకా వాణ్ణి కాస్త కూర్చోబెట్టు. చెల్లెమ్మని అడిగానని చెప్పు. వాడికి దండులో ఎవరు నచ్చారో తప్పకుండా రాయమను.

నీ
రాంబాబు