ఊరి పాటలో మా మిద్దె ఏదీ?

సంపాదకులకు నమస్కారం.

సొంతూరి జ్ఞాపకాల మీద కుర్రవాళ్లు తీస్తున్న పాటల వీడియోల గురించి మీ ఆదివారం అనుబంధంలో వ్యాసం వేశారు. అందులో మెచ్చుకున్న పాటల్లో ఒకటి మా కడప జిల్లాలో తీసిందే. పాట పేరు ఇక్కడ రాయను. చేతి డబ్బులు పెట్టుకుని తీసిన పిల్లలు, పత్రికలో పేరు పెట్టి తప్పులెంచితే చిన్నబుచ్చుకుంటారు. నా ఫిర్యాదు వాళ్ల మీద కాదు, మీ వ్యాసం మీద. చూస్తే గుండె కదిలిందని రాసి వదిలేశారు. ఏ షాటు దగ్గర కదిలింది, ఎందుకు కదిలింది అన్నది రాయలేదు.

నేను ముద్దనూరులో పెళ్లి వీడియోలు తీస్తాను. 1991లో సన్‌గన్ లైటు పట్టుకునే పిల్లోడిగా ఈ పనిలోకి వచ్చాను. 1995లో అప్పు చేసి సొంతానికి పానసోనిక్ కెమెరా కొన్నాను, భుజం మీద పెట్టుకునే పెద్దది. అప్పటి నుంచి ఏ వీడియో చూసినా పాట కంటే ముందు కటింగు కనబడుతుంది. అదొక జబ్బని మా ఇంటామె అంటుంది.

ఈ పాటను టీవీకి తగిలించి, నోటుబుక్కు పక్కన పెట్టుకుని మూడుసార్లు చూశాను. నాలుగు నిమిషాల నలభై సెకన్లు. అందులో 131 షాట్లు. అంటే రెండు సెకన్లకు ఒక కట్టు. డ్రోన్ షాట్లే 19 ఉన్నాయి. కథ చిన్నదే. బెంగళూరులో ఉద్యోగం చేసే అబ్బాయికి ఊరి నుంచి ఫోనొస్తుంది. రాత్రి బస్సెక్కుతాడు. తెల్లారి దిగుతాడు. జేజి, అంటే అవ్వ, ఎదురొస్తుంది. చిన్నప్పటి సంగతులు గుర్తొస్తాయి. ఒక అమ్మాయి వాకిట్లో ముగ్గు వేస్తూ తలెత్తి చూస్తుంది. చివర్లో అబ్బాయి నీళ్ల ఒడ్డున నిలబడి సాయంకాలం సూర్యుణ్ని చూస్తాడు.

పిల్లల పనితనం తక్కువదేం కాదు. బస్సు కిటికీ అద్దంలో అబ్బాయి ముఖమూ, బయట పోతున్న చెట్లూ ఒకదాని మీద ఒకటి పడేటట్టు పట్టారు. అది తెల్లవారుజామున పది నిమిషాలు మాత్రమే దొరికే వెలుగు. ఎన్నిసార్లు తిరిగారో పాపం.

కానీ బస్సు దిగిన తర్వాత ఆ ఊరు నాకు తెలియలేదు. పాటలో మాట మాదే. ‘యాడికి’, ‘పోవల్ల’, ‘జేజి’ అన్నీ ఉన్నాయి. ఇల్లు మాత్రం పెంకుటిల్లు. ముందు కొబ్బరిచెట్లు, పక్కన వరి మడి. మైదుకూరు వైపు కేసీ కెనాల్ కింద వరి ఉంది, కాదనను. ముద్దనూరు, కొండాపురం పల్లెల్లో పెంకుటిల్లు ఎక్కడుందో నాకు చూపించమనండి. ఇక్కడివన్నీ మట్టిమిద్దెలు. నాపరాళ్లతో గోడ, దూలాలూ దంతెలూ పరిచి పైన చవుడు మట్టి, వెలుతురు కోసం నడిమధ్యన గవాచి. వానొస్తే నిద్ర లేచి గవాచి మీద బండ మూయడానికి మిద్దెక్కాలి. ఎండాకాలం రాత్రి పడకా ఆ మిద్దె మీదే. ఊరు తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది పగలంతా ఎండకు కాగి, రాత్రి వీపుకు వెచ్చగా తగిలే ఆ మట్టి. గోదావరి జిల్లాల ఇల్లే అచ్చమైన పల్లెటూరి ఇల్లని సినిమాలు చూసి చూసి మన పిల్లలు కూడా నమ్మారు. భాష కడపది, ఇల్లు కోనసీమది. పైగా పాటలో ఎక్కడా మధ్యాహ్నం లేదు. అంతా పొద్దున ఏడు లోపల, సాయంత్రం ఐదు తర్వాత. మా వైపు ఊరంటే సగం ఎండే కదా. ఆ ఎండకు తట్టుకోలేకే కదా ఆ అబ్బాయి బెంగళూరు పోయింది.

జేజి సంగతి కూడా చెప్పాలి. ఆమె ముఖం ఆరుసార్లు వస్తుంది. ముడతలు, ముక్కుపుడక, వణికే చేతులు, అన్నీ దగ్గరగా తీశారు. ఆమెతో ఒక్క మాట మాట్లాడించలేదు. మా జేజి ఇట్లాంటి మనవడు ఇంటికొస్తే ముందు తిట్టేది. ఎండుకుపోయినావంటుంది, జుట్టేందిరా అంటుంది, వారం నాడు చేస్తానన్న ఫోన్ ఏమాయ అంటుంది. సంగటి ముద్ద పెట్టేదాకా నోరు మూతపడదు.

ఇక చిన్నప్పటి సీను. అక్కడ బొమ్మను పాత వీడియో క్యాసెట్‌లాగా మార్చారు. అడ్డగీతలు, పసుపు రంగు, మూలన తేదీ, 2003. దీని గురించి నాకు చాలా చెప్పాలని ఉంది. మొదటిది, క్యాసెట్ బొమ్మ పసుపుగా ఉండదు. ఎరుపు రంగు అంచులు దాటి పక్కకు కారుతుంది. పెళ్లికూతురి ఎర్రచీర పక్కవాళ్ల తెల్లపంచె మీద కూడా కనబడుతుంది. సన్‌గన్ వెలుగు పడినచోట ముఖాలు సున్నం కొట్టినట్టు తెల్లగా, దాటితే చీకటి. రెండోది అసలైంది. 2003లో మా పల్లెల్లో పిల్లోడు గోలీలాడుతుంటే వీడియో తీసిందెవరు? కెమెరా ఊళ్లోకి వచ్చేది పెళ్లికి. లేదంటే ఉన్నవాళ్ల ఇంట్లో దినాలకు, ఎప్పుడన్నా తిరునాళ్లకు. ఆ అబ్బాయి చిన్నప్పటి వీడియో నిజంగా ఉంటే అది ఇంకొకరి పెళ్లి క్యాసెట్‌లో ఒక అంచున ఉంటుంది. లైటు వెలిగితే చాలు, వీధిలో పిల్లలంతా దాని ముందుకొచ్చి ఎగిరేవాళ్లు. నేను వాళ్లను అదిలించేవాణ్ని.

మీ వ్యాసంలో రాయాల్సిన షాటు ఒకటుంది. దాన్నే వదిలేశారు. రెండో నిమిషంలో అబ్బాయి బస్టాండు పక్కన టీ కొట్టు దగ్గర నిలబడతాడు. పాట ఆగుతుంది. స్టవ్వు బుస్సుమనే శబ్దం ఒక్కటే. టీ కాచే ఆయన తలెత్తకుండా, “ఎవురింటికబ్బీ?” అని అడుగుతాడు. అబ్బాయి తడుముకుని, “మేం ఈడోళ్లమే” అంటాడు. అప్పుడాయన తలెత్తి చూస్తాడు, గ్లాసు అందిస్తాడు. అంతే. పదకొండు సెకన్లు, మధ్యలో కట్టు లేదు, కెమెరా కదల్లేదు. టీ ఆయన నటుడు కాదు. ఒకసారి కెమెరా వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. ఎడిటింగ్‌లో పొరపాటున మిగిలిందేమోనని నా అనుమానం. సొంతూర్లో దిగినవాణ్ని ఎవరింటికొచ్చినావని అడిగారు, ఇంకేం కావాలి? మిగతా 130 షాట్లు చెప్పాలని తంటాలు పడినదంతా అక్కడ ఉంది. అబ్బాయి ఆ గ్లాసు పట్టుకుని ఇంకో ఐదు సెకన్లు అక్కడే నిలబడి ఉంటే బాగుండేది. టక్కున డ్రోన్ లేచింది.

ఆ డ్రోన్ గురించే ఈ ఉత్తరం. పాట చివర ‘మా ఊరు’ అనే మాట పాడుతుండగా కెమెరా పెద్ద నీళ్ల మీద పోతుంది. నీలంగా, అంచున కొండలు, నడుమ సూర్యుడు. కింద కామెంట్లలో అందరూ అబ్బ ఎంత అందం అన్నారు. అవి గండికోట జలాశయం వెనక నీళ్లు. పెన్నా మీద కట్టిన ఆ జలాశయంలో 26.85 టీఎంసీలు పడతాయి. మా సీమకు ఆ నీళ్లు ఎంత అవసరమో నాకు తెలుసు. పరిహారం గొడవలు పత్రికల్లోనే చాలా వచ్చాయి, వాటి జోలికి పోను. నేను చెప్పేది ఒక్కటే, ఆ నీళ్ల కింద ఊళ్లున్నాయి. 2020లో తాళ్లప్రొద్దుటూరు ఖాళీ చేసినప్పుడు ట్రాక్టర్ల మీద తలుపులు, దూలాలు పోతుంటే రోడ్డు పక్కన నిలబడి చూశాను. ఆ వైపు పల్లెల్లో నేను తీసిన పెళ్లిళ్లు డెబ్బైకి తక్కువ ఉండవు. ఏ వీధిలో కరెంటు తీగ కిందికి వేలాడుతుందో, ఎక్కడ లైటు ఎత్తి పట్టుకోవాలో ఇప్పటికీ చెప్పగలను. ఆ పిల్లలకు ఈ సంగతి తెలిసి తీశారో, తెలియక తీశారో. తెలిసుంటే అబ్బాయి అక్కడ నిలబడినప్పుడు సూర్యుడి వైపు చూడడు, నీళ్లలోకి చూస్తాడు.

2021 ఎండాకాలంలో కొండాపురం నుంచి ఒకాయన వచ్చాడు. 1997లో ఆయన పెళ్లి నేనే తీశాను. క్యాసెట్ ఉందా అన్నా, అని అడిగాడు. ఇల్లు మారేటప్పుడు ఆయన దగ్గరిది పోయిందట. మామూలుగా నా దగ్గరా ఉండదు. రష్‌ను, అంటే పెళ్లిలో తీసిన అసలు క్యాసెట్‌ను, ప్రొద్దుటూరు తీసుకుపోయి మిక్సింగ్ చేయించి ఇచ్చేశాక, ఆ క్యాసెట్ మీదే ఇంకో పెళ్లి తీసేవాళ్లం, కొత్త క్యాసెట్ డబ్బులు మిగులుతాయని. ఈయన రష్ మాత్రం ఉంది. ఎందుకంటే అప్పట్లో ఆరొందలు బాకీ పెట్టాడు, కోపంతో దాన్ని చెరపకుండా పక్కన పడేశాను.

వీసీఆర్‌లో వేశాం. మూడు గంటల క్యాసెట్. తాళి కట్టేది ముందుకు జరపమన్నాడు. మెరవణి, అంటే ఊరేగింపు, దగ్గర నిదానంగా చూస్తూ వచ్చి, “ఆన్నే నిలుపన్నా” అన్నాడు. బొమ్మలో పెళ్లికొడుకు సగమే ఉన్నాడు. వెనక వాళ్ల మిద్దె, ఎర్రమన్ను అలికి సున్నం పట్టెలు తీసిన అరుగు, వేపచెట్టు. ముందు నుంచి ఒకామె బిందె చంకన పెట్టుకుని అడ్డంగా పోతోంది. క్యాసెట్‌లో నా గొంతు కూడా ఉంది, “అమ్మా, అడ్డం రావాకు” అని కసురుతున్నాను. ఆమె వాళ్లమ్మ. కొడుకు పెళ్లిలో నీళ్లు తేవడానికి పోతోంది. ఆమె ఉన్న ఫోటో ఆధార్ కార్డు మీదిది తప్ప ఇంట్లో ఇంకొకటి లేదట. నాలుగు సెకన్లు. ఆ నాలుగు సెకన్లు ఎన్నిసార్లు వెనక్కి తిప్పానో లెక్కలేదు. పోతూ ఆ ఆరొందలు ఇస్తానన్నాడు. వద్దన్నాను. పెన్‌డ్రైవ్ డబ్బులు తీసుకున్నాను.

మిక్సింగ్‌లో అయితే ఆ నాలుగు సెకన్లు పోయేవే. నేనే తీయించేవాణ్ని. అడ్డం వచ్చినవాళ్లను కోసేసి, వాళ్ల స్థానంలో హంసలు, గుండె బొమ్మలు ఎగిరించి, ఊరి శబ్దమంతా తుడిచి పైన సినిమా పాట వేయించేవాణ్ని. డబ్బులిచ్చినవాళ్లు అదే అడిగేవాళ్లు. అందుకే ఈ పిల్లలను మరీ అనలేను, వాళ్ల డ్రోన్ నా హంసలాంటిదే.

నా దగ్గర చెరపని రష్ క్యాసెట్లు ఇంకా 38 ఉన్నాయి. అన్నీ బాకీలవే. పదకొండుకు బూజు పట్టింది, నీడలో ఆరబెట్టి ఒక్కొక్కటి తుడుస్తున్నాను. వాటిలో మునిగిన ఊళ్ల వీధులు, మిద్దెలు, లైటు ముందు ఎగిరే పిల్లలు ఉన్నారు. వాళ్లలో కొందరు ఇప్పుడు బెంగళూరులోనో, కువైట్‌లోనో ఉండి ఈ పాటే వింటూ ఉండొచ్చు. నా ఉత్తరం అచ్చయితే ఆ పాట తీసిన పిల్లలు చూస్తారని ఆశ. తర్వాతి పాటకు పాత బొమ్మ కావాలంటే కంప్యూటర్‌లో గీతలు గీయక్కర్లేదు, ముద్దనూరు వస్తే ఇస్తాను. డబ్బులొద్దు. బొమ్మల్లో ఉన్నవాళ్లను మాత్రం ముందు అడిగి వాడుకోవాలి. ఆషాఢంలో అయితే ముహూర్తాలుండవు, నేను ఖాళీగా ఉంటాను. రెండు రోజులు ఉండేటట్టు రమ్మనండి. వీసీఆర్ పాతది, అరగంటకోసారి ఆపి హెడ్డు తుడవాలి.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక పెళ్లి వీడియోగ్రాఫర్
ముద్దనూరు, కడప జిల్లా